పదిహేడో కడ్డీ

చచ్చిపోయినవాడి కుర్చీలో కూర్చోమంటే ఎవరైనా ఒక్క క్షణం వెనకాముందాడతారు. డిటెక్టివ్ ఆడలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి ఆ కుర్చీ లాక్కుని, తన ఎత్తుకి దించుకుని, కంప్యూటర్ ముందు స్థిమితంగా కూర్చుంది. ధైర్యమనుకునేరు, అదేం కాదు. భర్త పోయిన ఎనిమిది నెలలుగా ఆవిడకి ఏదీ తగలడం లేదు, అంతే. ఆయన పోయిన రోజు ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బంధువులు మొదట ‘గుండె దిటవు’ అన్నారు, తర్వాత ‘బండరాయి’ అన్నారు, ఆనక ఏమీ అనడం మానేశారు. ఆవిడకి అన్నీ ఒకేలా వినిపించాయి. ఆయన చేతి గడియారం మాత్రం తీసి తన చేతికి పెట్టుకుంది. వదులుగా ఉంటే పట్టీకి ఇంకో కన్నం పొడిపించుకుంది.

పక్కన నిలబడ్డ అమ్మాయి అదే ఆఫీసులో డిజైనరు. లావుపాటి అద్దాలు పెట్టుకుంటుందని అందరూ ‘కళ్ళద్దాలు’ అనే పిలుస్తారు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిపోయింది.

“నాలుగింటికి హాలు తెరుస్తారటగా?” అంది డిటెక్టివ్.

“అవునండీ. కుర్చీలు కూడా వేసేశారట.”

“అయితే మనకి మూడు గంటలు కూడా లేవు. ఏడుపు తర్వాత చూసుకుందువుగాని, ముందు ఇదేంటో చెప్పు.”

సంగతి ఇదీ. కొత్త బస్ స్టేషన్‌లో ప్రయాణికుల హాలు. మధ్యలో ఒక్క స్తంభం లేని గుండ్రటి అద్దాల కప్పు. దాన్ని పైనున్న ఇనుప వలయానికి నలభై ఎనిమిది ఉక్కు కడ్డీలు వేలాడదీసి పట్టుకుంటాయి. ఆ కప్పు లెక్కలన్నీ ఈ కుర్చీలో కూర్చున్న కుర్రాడివే. తెరమీద ఎప్పుడూ తీగలు కలుపుతుంటాడని ఆఫీసులో అతన్ని ‘తీగల డాక్టరు’ అనేవాళ్ళు. సోమవారం సాయంత్రం ఆ కప్పు కిందున్న ఇనుప నడకదారి మీంచి కిందపడి చనిపోయాడు. అతని కంప్యూటర్ ఫైల్లో టైపు చేసిన చీటీ ఒకటి దొరికింది. ‘పదిహేడో కడ్డీ పొడవు తప్పు లెక్కకట్టాను. తప్పంతా నాదే. నన్ను క్షమించండి.’ పోలీసులు ఆత్మహత్య అన్నారు. బుధవారం పదిహేడో కడ్డీ మార్చేశారు. ఇవాళ నాలుగింటికి ఇన్‌స్పెక్టరు అదే హాల్లో, అదే కప్పు కింద నిలబడి, తప్పు పోయినవాడిది, సరిదిద్దాం, భయం లేదు అని మైకులో చెప్తాడు.

ఆ మాట మైకులోంచి రాకుండా ఆపమని డిటెక్టివ్‌ని పెట్టుకున్నది కుర్రాడి అక్క. బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ‘వాడు ఎలాగూ రాడమ్మా. వాడి పేరైనా నాకు మిగల్చండి’ అంది.

తెరమీద చిన్న చిన్న డబ్బాలు, డబ్బాకీ డబ్బాకీ మధ్య వంకర తీగలు. పిల్లి ఆడుకుని వదిలేసిన ఊలుండలా ఉంది.

“ఇక్కడ మేం గీత గీయమండీ. గీత ఎలా పుట్టాలో చెప్తాం,” అంది కళ్ళద్దాలు. “ఈ డబ్బా ఒక గుండ్రం. ఈ పట్టీని నలభై ఎనిమిది దగ్గర ఆపాం కాబట్టి గుండ్రం మీద నలభై ఎనిమిది చుక్కలు పడ్డాయి. ఒక్కో చుక్క నుంచి కప్పు దాకా ఒక్కో గీత. ఆ గీతే కడ్డీ. వాటి పొడవులన్నీ ఇటుపక్క లిస్టుగా వస్తాయి. పట్టీ కాస్త జరిపామంటే మొత్తం మారిపోతుంది, చూడండి.”

వేలు జరిపింది. కడ్డీలు ఇరవై అయ్యాయి, పన్నెండయ్యాయి, కప్పు వంకర తిరిగింది.

“చాలు, యథాస్థానంలో పెట్టెయ్. సోమవారం ఏం చేశాడు?”

“సైట్‌లో లేజర్‌తో కొలిచిన పొడవులు పొద్దున పదకొండింటికి వచ్చాయండీ. వరసగా, మొదటి కడ్డీ నుంచి చివరిదాకా. ఆ లిస్టుని ఈ తీగకి తగిలించాడు. మేం అనుకున్న పొడవుల లిస్టు ఆ తీగకి. ఇందులోంచి అది తీసేస్తే తేడాలొస్తాయి. ఇదిగో.”

పసుపుపచ్చ పలకలో రెండు నిలువు వరసలు. ఎడమపక్క వరస సంఖ్య, కుడిపక్క తేడా. డిటెక్టివ్ కిందికి జరుపుకుంటూ పోయింది. ఒక మిల్లీమీటరు, రెండు, ఒకటి, ఏమీ లేదు, ఒకటి. పదిహేడు అన్నచోట ముప్ఫై ఎనిమిది. మళ్ళీ ఒకటి, రెండు. నలభై ఏడు దగ్గర లిస్టు అయిపోయింది.

“ముప్ఫై ఎనిమిదంటే?”

“కడ్డీ సాగిపోతోందండీ. ఉక్కు అంత సాగిందంటే లోపల ఎక్కడో అతుకుండాలి. ఇవాళో రేపో తెగుతుంది. దాని కిందున్న అద్దం పలక కూడా వస్తుంది.”

“లేదా మీ డాక్టరు లెక్క తప్పాడు.”

“ఆయన తప్పడండీ.”

“పోయినవాళ్ళ గురించి అందరూ అలాగే అంటారమ్మా. సరే, అతను ఆఫీసులోంచి ఎప్పుడు వెళ్ళాడు?”

“నాలుగూ ఇరవైకి. తలుపు దగ్గర కార్డు గీకిన టైము ఉంది.”

“చీటీ ఎప్పుడు రాశాడు?”

కళ్ళద్దాలు ఏదో నొక్కి చూసింది. “చీటీ చేర్చింది ఐదూ పద్నాలుగుకి, ఫైల్లో అదే చివరి మార్పు. ఇక్కడినుంచి కాదు, సైట్ షెడ్‌లో కంప్యూటర్ నుంచి. ఈ ఫైలు అక్కడ కూడా తెరుచుకుంటుందండీ.”

డిటెక్టివ్ రాసుకుంది. డబ్బాల పక్కన కుర్రాడు తనకోసం రాసుకున్న చిన్న చిన్న గుర్తులున్నాయి. ‘5/6 బోల్టు బిగించాలి’, ‘11/12 రంగు లేచింది’, ‘30/31 ఇప్పుడు బాగుంది’. అవీ రాసుకుంది.

“ఈ జంట అంకెలేంటి?”

ఆ పిల్ల నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి ఆఫీసు పెద్ద కేక వేశాడు. వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. బదులుగా గుమాస్తా వచ్చి, ఇకమీదట ఏ ప్రశ్నైనా కాగితం మీద రాసి పంపాలని, జవాబు సోమవారం ఇస్తారని చెప్పి తలుపు తెరిచి పట్టుకున్నాడు. సోమవారానికి హాలు తెరిచి మూడు రోజులవుతుంది. డిటెక్టివ్ వాదించలేదు. వాదించాలంటే ముందు కోపం రావాలి.

*

రెండున్నరకి సైట్ గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున పని మొదలుకి, సాయంత్రం ఐదింటికి పని చాలించడానికి ఇనుప పట్టా మీద గంట కొట్టేది అతనే. అందుకే ‘గంట తాత’.

“తాతా, సోమవారం శవాన్ని ఎప్పుడు చూశావు?”

“ఐదున్నరకమ్మా. లైట్లు ఆర్పడానికెళ్ళి చూశా.”

“అంతకుముందు ఏమైనా విన్నావా?”

“విన్నా. ఐదు గంటలకి బెల్లు కొట్టి, సుత్తి ఇంకా చేతిలోనే ఉంది, లోపల దబ్బుమంది. చెక్క పడిందనుకున్నా. రోజూ ఏదో ఒకటి పడేస్తూనే ఉంటారుగా వెధవలు.”

“బెల్లు సరిగ్గా ఐదుకే కొట్టావా?”

ముసలాడికి పౌరుషమొచ్చింది. “పదకొండేళ్ళుగా సైట్లలో కొడుతున్నా. ఒక్క నిమిషం ఆలస్యమైతే కూలీలు ఊరుకుంటారా? పీక పిసికేస్తారు!”

“ఈ మాట పోలీసులకి చెప్పలేదేం?”

“శవాన్ని ఎప్పుడు చూశావని అడిగారు, చెప్పా. చప్పుడెప్పుడు విన్నావని అడిగితే కదా!”

డిటెక్టివ్ గడియారం వంక చూసుకుంది. ఐదింటికి పడ్డవాడు ఐదూ పద్నాలుగుకి చీటీ టైపు చేయడు. అంటే ఆ పద్నాలుగు నిమిషాల్లో షెడ్‌లో ఇంకెవరో కూర్చున్నారు. ఇంత పెద్ద సంగతి చేతిలో పడితే మనిషన్నవాడికి ఒళ్ళు జలదరించాలి. ఆవిడ కాలు మాత్రం మామూలుగా గేటు దాటింది.

హాల్లో రెండువందల కుర్చీలు వరసలు తీర్చి ఉన్నాయి. ఎదురుగా ఎత్తు వేదిక, మైకు. మెట్లెక్కి ఇనుప నడకదారి మీద చుట్టూ తిరిగింది. ప్రతి కడ్డీ మొదట్లో పసుపు రంగుతో అంకె వేసి ఉంది. ఒకటి, రెండు, మూడు... పదిహేడు దగ్గర ఆగింది. కొత్త కడ్డీ తళతళ మెరుస్తోంది. అక్కడ నడకదారి కమ్మీ నడుం దాకా ఉంది. తొంగిచూసినంత మాత్రాన పడే ఎత్తు కాదు. తూలి పడాలన్నా ఎవరో ఒకరు కాళ్ళు ఎత్తాలి. సరిగ్గా దాని కింద వేదిక. కమ్మీ పట్టుకుని, తర్వాతి కడ్డీకి చెయ్యి ఆనించి, కిందికి చూసింది. అరచేతికి సన్నగా ఏదో వణుకు తగిలినట్టయింది. తన చెయ్యే అనుకుని తీసేసింది. నలభై ఎనిమిది దాకా నడిచి కిందికి దిగింది.

సైట్ ఇంజనీరు షెడ్ ముందు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్టు. మహా మర్యాదస్తుడు.

“సోమవారం ఐదింటికి మీరెక్కడున్నారు?”

“స్టోర్‌లో ఉన్నానండీ. సామాను లెక్క చూసుకుంటున్నా.”

“ఎవరైనా చూశారా?”

“సామాను చూసింది,” అని నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి నవ్వు మింగేశాడు.

“పదిహేడో కడ్డీ మార్చాలని మీకెవరు చెప్పారు?”

“ఆ అబ్బాయే. నాలుగుంబావుకి ఫోన్ చేశాడు. పదిహేడులో తేడా ఉంది, హాలు తెరవడానికి వీల్లేదన్నాడు.”

“హాలు తెరవొద్దని ఫోన్ చేసినవాడు గంట తిరక్కుండా తప్పు నాదేనని రాసి చస్తాడా?”

“అది నన్నడిగితే ఎలాగండీ? నేనేమైనా రాశానా?”

“మీరు రాశారని నేనన్లేదే.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి దానంతటదే జేబులో పెన్ను మీదకి పోయింది. డిటెక్టివ్ అది చూసింది.

“తీసేసిన పాత కడ్డీ ఏది?”

షెడ్ వెనక పాత ఇనుము కుప్పలో ఉంది. మూడు మీటర్ల పైచిలుకు. దాని మొదట్లో పసుపు పదిహేడు. ఆవిడ నేలమీద గొంతుక్కూర్చుని ఈ చివర నుంచి ఆ చివర దాకా బొటనవేలు రాసుకుంటూ పోయింది. అతుకు లేదు. పగులు లేదు. రంగు గీకి చూసింది. లోపల కూడా నున్నటి ఉక్కే. టేపు పెట్టి కొలిచింది. ఉండాల్సిన పొడవుకి ఒక్క మిల్లీమీటరు తేడా. రెండోసారి కొలిచింది, అదే వచ్చింది.

“నిక్షేపంలా ఉంది కదా వదినా?”

వెనక ఇన్‌స్పెక్టరు. భర్త తమ్ముడు. తను కాపురానికొచ్చేనాటికి ఏడో క్లాసు చదువుతున్నాడు, లెక్కల్లో అన్నీ గుండుసున్నాలే. వాకిట్లో కూర్చోబెట్టి వేళ్ళ మీద కూడికలు నేర్పింది తనే. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలున్నాయి.

“ఉంది,” అంది లేస్తూ.

“మరింకేం? కడ్డీకి ఏ రోగం లేదంటే కుర్రాడి లెక్కే తప్పు. అదే రాసి చచ్చాడు. నువ్వే నా కేసు గట్టి చేసిపెట్టావు, థాంక్స్.”

“ఐదింటికి పడ్డాడు. చీటీ ఐదూ పద్నాలుగుకి రాశారు. గంట తాతని అడుగు.”

ఇన్‌స్పెక్టరు మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. మళ్ళీ సర్దుకున్నాడు. “ముసలాడి చెవుల మీద కేసు నడపమంటావా? కోర్టులో మొదటి ప్రశ్నకే బోల్తా పడతాడు.”

“ఒక్కరోజు ఆపు. రేపు తెరుచుకోండి.”

“ఆపడానికి కారణం? కప్పు కూలుతుందని రాసిస్తావా? చేతిలో మంచి కడ్డీ పట్టుకుని?”

ఆవిడ టేపు చుట్టి పర్సులో వేసుకుంది. కొలిచింది తనే మరి.

“అన్నయ్య పోయిన రోజు నీ కంట్లో చుక్క నీళ్ళు రాలేదు,” అన్నాడు గొంతు తగ్గించి. “అందరం చూశాం. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, ఎందుకురా అని. ఇప్పుడు ఎవరి తమ్ముడో పోతే ఇంత పాకులాడుతున్నావు. ఆయన గడియారం పెట్టుకుని తిరిగినంత మాత్రాన సరిపోతుందా?”

గుచ్చాలనే అన్నాడు. గుచ్చుకోలేదు. ఎక్కడ తగలాలో ఆ చోటు మొద్దుబారి ఉంది. అతని కాలరు మీద దారం పోగొకటి వేలాడుతుంటే చూస్తూ నిలబడింది.

“నీ కుర్చీ ఎక్కడ?” అంది చివరికి.

“సరిగ్గా పదిహేడో కడ్డీ కింద వేయించుకున్నా. జనానికి నమ్మకం కలగాలిగా. ఇంజనీరుగారు నా పక్కనే కూర్చుంటారు. ఏమండీ?”

“ఓ, తప్పకుండా!” అన్నాడు సైట్ ఇంజనీరు. ఆ మాటలో తడబాటు లేదు. అదే డిటెక్టివ్‌కి మింగుడుపడలేదు. తప్పు చేసినవాడు అయ్యుండి, ఆ కప్పు కింద అంత నిబ్బరంగా కూర్చుంటానంటున్నాడంటే, కప్పుకి ఇక ప్రమాదం లేదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడన్నమాట.

*

మూడూ ముప్ఫై ఐదుకి అక్క కుట్టు దుకాణం. ఒక మిషను, ఒక బల్ల, గోడకి కొలతల టేపులు. బల్లమీద నీలం చొక్కా, పక్కన గుండీల డబ్బా.

“ఏమైందమ్మా?” అంది అక్క, మిషను ఆపి.

“మీ తమ్ముడు ఆత్మహత్య చేసుకోలేదు. అంతవరకు నాకు తెలుసు. కానీ ఆ కడ్డీ బాగానే ఉంది.”

అక్కకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. “అంటే, వాడి లెక్క తప్పనేగా?”

డిటెక్టివ్ బల్లమీది నీలం చొక్కా వంక చూసింది.

“అయితే ఇక వాడెలా పోయాడన్నది ఎవరు పట్టించుకుంటారు? లెక్క తప్పి జనాన్ని చంపబోయాడంటారు. అంతే అంటారు.” కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ సూదిలో దారం ఎక్కించడానికి చూసింది. దారం చివర చీలిపోయి ఎక్కడంలేదు.

“అతను చివర పంపిన మెసేజ్ ఇంకోసారి చూపిస్తారా?”

అక్క ఫోన్ ఇచ్చింది. సోమవారం నాలుగూ ఇరవై ఐదు. ‘అక్కా, ఆలస్యమవుతుంది. 17లో తేడా ఉంది, పైకెక్కి చూసొస్తా. నీలం చొక్కా గుండీలు నేనొచ్చి లెక్కపెట్టి పెడతా, నువ్వు ముట్టుకోకు.’

“గుండీలేంటి?”

ఆ ఏడుపులోనే అక్క మొహం ఒక్కసారి నవ్వులోకి తిరిగింది. “అదో గోలమ్మా. ఆ దిక్కుమాలిన ఉద్యోగంలో చేరినప్పటినుంచీ వాడికి లెక్కపెట్టడం చెడిపోయింది. ఈ చొక్కాకి ఏడు గుండీలు తియ్యరా అంటే, సున్నా, ఒకటి, రెండు, మూడు అని మొదలుపెడతాడు. ఆరు అనేసరికి ఏడు గుండీలుంటాయి. నేనేమో ఏడు అనలేదేరా, ఒకటి తక్కువిచ్చావని తిట్టేదాన్ని. మా ఆఫీసులో అందరం ఇంతే అక్కా, మొదటిది సున్నా అనేవాడు. ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకుంటే చొక్కా మొత్తం వంకరేరా వెధవా అనేదాన్ని...”

డిటెక్టివ్ వినడం ఆపేసింది.

పర్సులోంచి చిన్న పుస్తకం తీసింది. 5/6. 11/12. 30/31. మొదటిది ఫైలు లెక్క, రెండోది సైట్ లెక్క. ఫైల్లో సున్నా నుంచి మొదలు, అందుకే లిస్టు నలభై ఏడుతో అయిపోయింది. కడ్డీలు మాత్రం నలభై ఎనిమిది. ఆఫీసులో ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. వాళ్ళకది ఊపిరి పీల్చడం లాంటిది, ఊపిరి ఎలా పీలుస్తామో ఎవరు చెప్తారు? కుర్రాడు ఫైల్లో ప్రతిచోటా రెండంకెలూ పక్కపక్కన రాసుకున్నాడు. ఆ చీటీలో ఒక్కదాంట్లోనే ఒంటరి పదిహేడు. అది రాసినవాడికి సున్నా నుంచి లెక్కపెట్టడం తెలీదు. ఫోన్లో ‘పదిహేడు’ అని విన్నాడు, పసుపు రంగు పదిహేడు చూశాడు, తన పనిలో తప్పు బయటపడకుండా మంచి కడ్డీ పీకేశాడు.

ఫైల్లో పదిహేడంటే సైట్‌లో పద్దెనిమిది. తను చెయ్యి ఆనించి నిలబడ్డ కడ్డీ. వణికింది తన చెయ్యి కాదు.

“మీ తమ్ముడి లెక్క తప్పలేదు,” అంది లేచి నిలబడి. ఫోన్ తీసి ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కింది.

గడియారంలో మూడూ నలభై తొమ్మిది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి కట్ చేశాడు. కంట్రోల్ రూముకి చేసింది. కారణం చెప్పండి మేడమ్, ఇన్‌స్పెక్టరుగారితో మాట్లాడి చెప్తాం అన్నారు. మూడోసారి మళ్ళీ మరిదికే చేసింది. అక్క గుండీల డబ్బా గుండెలకి హత్తుకుని చూస్తూ నిలబడింది. మూడూ యాభై మూడుకి ఎత్తాడు. వెనక జనం రొద, మైకు గరగర.

“వదినా, చెప్పానుగా. తర్వాత మాట్లాడతా.”

“అక్కణ్ణించి లే.”

“ఏంటి?”

“లేచి అందర్నీ బయటికి పంపు. తెగేది పదిహేడు కాదు, పద్దెనిమిది. వాళ్ళు సున్నా నుంచి లెక్కపెడతారు. నీ కుర్చీ...”

“సున్నా ఏంటి వదినా? వేదిక మీద ఉన్నాను. నీ కాకిలెక్కలు...”

వివరించడానికి నోరు తెరిచింది. మాట రాలేదు. ఎనిమిది నెలలుగా ఎక్కడ గడ్డకట్టిందో అక్కడ పగిలింది. వాకిట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేళ్ళు చాలక కాలివేళ్ళు కూడా లెక్కపెట్టిన కుర్రాడు కళ్ళముందు కనిపించాడు. ఆ ఇంట్లో ఇంకొకడు పోవడం చూడటం ఆవిడ వల్ల కాదు. కాదు, అంతే.

“ఒరేయ్,” అంది. ఆ ఒక్క మాటకే వెక్కిళ్ళొచ్చేశాయి. “లేరా నాన్నా. నీకు దణ్ణం పెడతా. లే.”

అన్న శవం ముందు కూడా వినిపించని గొంతది. కడ్డీల లెక్క అతనికి అర్థమైందో లేదో గానీ, ఈ గొంతు అర్థమైంది.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. “లేవండి! అందరూ లేవండి! బయటికి! అమ్మా, పిల్లాణ్ణి ఎత్తుకోండి. సామాన్లు వదిలెయ్యండి, పదండి పదండి!” తొక్కిడి. ఎవరో ఏడుస్తున్నారు. విజిళ్ళు. డిటెక్టివ్ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని కళ్ళు మూసుకుంది. బుగ్గల మీంచి కారుతున్న నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. నిమిషం. రెండు నిమిషాలు.

ముందు సన్నగా టింగుమంది. ఆ వెంటనే ఇంకేదీ వినపడనంత పెద్ద చప్పుడు.

“ఉన్నావా?” అని అరిచింది. “ఒరేయ్, ఉన్నావా?”

దగ్గు. మళ్ళీ దగ్గు. అద్దం పెంకులు ఇంకా ఒకటొకటిగా రాలుతున్నాయి.

“ఉన్నా వదినా. తలుపు దగ్గరున్నా. అందరం బయటే.” అతని గొంతు ఏడో క్లాసు గొంతులా ఉంది. “నా కుర్చీ లేదు.”

డిటెక్టివ్ గోడకి ఆనుకుని నేలమీద చతికిలబడింది. అక్క వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉందని డిటెక్టివ్‌కి తెలిసింది.

“ఇంజనీరు ఏడి?” అంది ఫోన్లో.

“ఇక్కడే ఉన్నాడు. కాలికి గాజు గుచ్చుకుంది, అదీ చూసుకోవడం లేదు. మొహం పాలిపోయింది. పైకి వేలు చూపించి కడ్డీలు లెక్కపెట్టుకుంటున్నాడు. తప్పినప్పుడల్లా మళ్ళీ మొదలుపెడుతున్నాడు.”

“ఎక్కణ్ణించి మొదలుపెడుతున్నాడో జాగ్రత్తగా విను. ఆ కుర్రాడి ఫోన్ విన్నది అతనొక్కడే, చీటీ రాసినవాడికి సున్నా తెలీదు.”

ఇన్‌స్పెక్టరు విన్నాడు. అడుగులు దగ్గరికి వెళ్ళడం, గాజు పెంకులు బూటు కింద నలగడం ఫోన్లో వినిపించింది. తర్వాత సంకెళ్ళ తాళం చప్పుడు.

“ఒకటి నుంచి,” అన్నాడు.